పెద్దమ్మ చూసిన నడక

పొద్దున్నే బకెట్ మూత తీస్తే పచ్చసొన కలిసిన చల్లటి పచ్చి వాసన మొహానికి కొడుతుంది. ముందురోజు ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టిన ఒకరోజు కోడిపిల్లలు తెల్లారేసరికి మెత్తబడి ఉంటాయి. ఒక్కొక్కదాన్ని తీసి, పొట్ట నొక్కి సొన పిండేసి, ఏ వేటపక్షి గిన్నెలో ఎంత వేయాలో అంత వేయాలి. అలవాటైపోయిన పనే. కానీ ఫ్రెట్ దిగిన రోజున ఆ వాసన వేరేగా ఉంటుంది. సముద్రం మీంచి ఉన్నట్టుండి వచ్చి పొలాలను మింగేసే పొగమంచుని మా న్యూకాసిల్ వైపు ఫ్రెట్ అంటారు. అది దిగితే వాసనలు ఎక్కడికీ కదలవు, మనిషి పక్కనే నిలబడతాయి. అప్పుడు ఆ పచ్చి వాసనలో కొబ్బరినూనె, విక్స్ కూడా కలిసినట్టు అనిపిస్తుంది. ఆ రెండూ పూసుకుని నా పక్కన నిలబడి "సొన సరిగ్గా పిండమ్మే, వాటికి అరగదు" అనే మనిషి ఇప్పుడు లేదు. అయినా నేను వెనక్కి తిరిగి చూడను. అక్కడ ఎవరూ లేరని మళ్ళీ రూఢి చేసుకోవడం నాకిష్టం లేదు.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. ఇక్కడి తెల్లవాళ్ళకి రాజ్, మా తెలుగువాళ్ళకి రాజ్యం ఆంటీ. నెల్లూరు నుంచి చిన్న వయసులోనే నర్సుగా వచ్చి, పెద్దాసుపత్రిలో ముసలివాళ్ళ వార్డుకి సిస్టర్‌గా ఏళ్ళ తరబడి చేసింది. మధ్యలో కాలిన్ అనే ఇంగ్లీషాయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయనకి డేగలు, గద్దలు, గుడ్లగూబలు తప్ప వేరే లోకం లేదు. ఊరికి దూరంగా, గొర్రెల పొలాల మధ్య, వేటపక్షుల సెంటర్ ఒకటి పెట్టాడు. దెబ్బలు తగిలిన పక్షులకి వైద్యం, వచ్చినవాళ్ళకి పక్షుల్ని ఎగరేసి చూపించడం, బడిపిల్లలు వస్తే చెప్పడం, ఇదీ పని. ఆయన పోయాక ఆ సెంటర్ మూసేస్తుందని అందరూ అనుకున్నారట. ఆవిడ ఆసుపత్రి ఉద్యోగం మానేసి ఇక్కడ కూర్చుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. నేను కలిసే నాటికి జుట్టంతా నెరిసింది కానీ నడక మాత్రం వార్డు రౌండుకి బయల్దేరిన సిస్టర్ నడకే.

నేను కరీంనగర్ నుంచి న్యూకాసిల్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చిన పిల్లని. ఉగాదికి కమ్యూనిటీ హాల్లో పులిహోర వడ్డిస్తుంటే, చేతుల నిండా గీరుకుపోయిన మచ్చలున్న ఒక పెద్దావిడ నా ముందు పళ్ళెం పట్టుకుని నిలబడి, పేరైనా అడక్కుండా "కోడిని కోస్తుంటే చూశావా ఎప్పుడైనా? కళ్ళు తిరుగుతాయా?" అంది. "మా నాయిన చికెన్ సెంటర్ నడుపుతడు ఆంటీ" అన్నాను. ఆవిడ మొహం ఎలా వెలిగిందంటే, నా చదువు విన్నా, నా మార్కులు విన్నా ఈ దేశంలో ఎవరి మొహమూ అలా వెలగలేదు. ఆ శనివారం నుంచే సెంటర్లో పని వంతుల పట్టిక, రోటాలో నా పేరు వేసేసింది. చదువయ్యాక సిటీలో ఆఫీసు ఉద్యోగం వచ్చింది, శని ఆదివారాలు మాత్రం అక్కడే. మా అమ్మ ఫోన్లో "లండన్ పోయి కోళ్ళ పని చేస్తున్నవా బిడ్డా" అని నవ్వేది. ఎక్కడున్నా మా అమ్మకి నేను లండన్‌లోనే ఉన్నట్టు.

మొదటి పాఠం కాటా దగ్గర. ప్రతి పక్షినీ పొద్దున్నే కాటా ఎక్కించి తూచాకే తిండి. బరువు ఎక్కువుంటే ఆ రోజు ఎగరేయకూడదు, కడుపు నిండిన పక్షి వెనక్కి రాదు. "ప్రేమకి రావే ఇవి. ఆకలికి వస్తాయి. ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే మనసు కష్టపడదు," అంది. అలా అన్న మనిషే మధ్యాహ్నం నాకు నెల్లూరు చేపల పులుసుతో అన్నం పెట్టి, వద్దంటుంటే ఇంకో గరిటె వేసేది. పక్షుల్ని లెక్కగా పెంచి, మనుషుల్ని లెక్క లేకుండా మేపేది.

రెండో పాఠం మాటల్లో చెప్పలేదు. ఒక ఉదయం పక్షులన్నిటినీ పచ్చికలో వరసగా కట్టెల మీద కూర్చోబెట్టాం. నేను నీళ్ళు మారుస్తున్నాను. ఉన్నట్టుండి ఏ పక్షి కాలి గజ్జె చప్పుడూ లేదు. తలెత్తి చూస్తే అన్నీ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. డేగలు, గద్దలు, పగలు కళ్ళు మూసుకుని కునికే గుడ్లగూబ కూడా. అటు చూస్తే నాకేమీ కనబడలేదు. పక్క రైతు పొలంలో గొర్రెలు మేస్తున్నాయి, అంతే. ఆంటీ వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "ఆ మూల గొర్రె. నడక చూడు," అంది. ఎంత చూసినా నాకు అన్ని గొర్రెలూ ఒక్కలాగే నడుస్తున్నాయి. ఆవిడ ఫోన్ తీసి రైతుకి చెప్పింది. ఆయన నవ్వేసి ఉంటాడు. మర్నాడు ఆ మూలనే గొర్రె ఒకటి చచ్చి పడి ఉంది. "వాటికి రోగం పేరు తెలీదమ్మే. మందలో ఏది తేడాగా కదులుతుందో అది తెలుసు. వాటి బతుకంతా ఆ చూపు మీదే," అంది ఆంటీ, బిడ్డ గురించి గొప్పలు చెప్పే తల్లిలా.

ఈ చూపులో అందరికన్నా ముందుండేది పెద్దమ్మ. అది గోల్డెన్ ఈగిల్ జాతి గద్ద, ఆడది. రెక్కలు విప్పితే నా రెండు చేతులూ చాచినా చాలవు. కాలిన్ అంకుల్ దాన్ని పిల్లగా తెచ్చి పెంచితే, ఆయన పోయాక ఆంటీ చేతికి మాత్రమే వచ్చేది. ఆ పేరెందుకు పెట్టారని అడిగాను. మా ఊళ్ళో పొద్దున్నే ఎవరూ ఆ పేరు ఎత్తరు మరి, దరిద్రదేవతని తలుచుకున్నట్టే. "పెద్దది కాబట్టి పెద్దమ్మ. నీకన్నిటికీ అనుమానాలే," అని కొట్టిపారేసింది. దానికి వేరే జాలీ షెడ్డు ఉండేది. చేతికర్ర పట్టుకున్నవాళ్ళనీ, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లల్నీ ఆ పక్కకి పోనీయవద్దని మాకు గట్టి ఆజ్ఞ. వాళ్ళు జాలీ ముందు నుంచి వెళితే పెద్దమ్మ మెడ వెనక ఈకలు లేపి, ఒంటిని కట్టెకి అదిమి, వాళ్ళు మలుపు తిరిగేదాకా కళ్ళు తిప్పేది కాదు. వాళ్ళు ఫోటోలు తీసుకుంటూ "మమ్మల్నే చూస్తోంది!" అని మురిసిపోయేవాళ్ళు. ఆంటీ నవ్వుతూ వాళ్ళని టీ వైపు మళ్ళించేది. ఆ నవ్వు వెనక ఏముందో తెలిసిన నేను వాళ్ళకీ జాలీకీ మధ్య నడిచేదాన్ని.

ఆంటీని మాత్రం పెద్దమ్మ అలా చూసేది కాదు. ఆవిడ షెడ్డులోకి వెళితే ఓసారి తల తిప్పి, మళ్ళీ తన ఈకలు సర్దుకునేది. మన ఇంట్లో మనిషి లోపలికి వస్తే మనం చూడం కదా, అలాగ. ఆకులు రాలే కాలంలో ఒక ఉదయం ఆ అలవాటు తప్పింది. ఆంటీ చేతిలో కుందేలు కాలు పట్టుకుని షెడ్డు వైపు నడుస్తోంది, నేను వెనక బకెట్‌తో ఉన్నాను. పెద్దమ్మ మెడ వెనక ఈకలు లేచాయి. ఒళ్ళు కట్టెకి అదుముకుంది. చూపు మాంసం మీద లేదు, ఆంటీ మీద ఉంది. ఆంటీ ఆగింది. నేనూ ఆగాను. ఆంటీ మాంసాన్ని కిటికీలోంచి లోపల పడేసి, వెనక్కి తిరిగి, "ఈ పూట వంకాయ కూర చేస్తాను, తింటావా?" అంది. మొహంలో రక్తం లేదు.

ఆ తర్వాత వారాల తరబడి ఆవిడ నాతో చెప్పకుండా ఏదో వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఓ శనివారం కొత్త బూట్లు. ఆదివారం తలకి కట్టుకునే రుమాలు లేదు. ఇంకో రోజు కాలిన్ అంకుల్ పాత కోటు, మోకాళ్ళ దాకా వేలాడుతూ. ప్రతిసారీ షెడ్డు ముందు నడిచేది, ప్రతిసారీ పెద్దమ్మ చూసేది. చివరికి ఒక పొద్దున నన్ను పిలిచి తన కోటు, తన బూట్లు, తన రుమాలు అన్నీ నాకు తొడిగింది. "నడువు. అటు చివరి దాకా పొయ్యి రా," అంది. ఆవిడ బట్టల్లో, ఆవిడ విక్స్ వాసనలో, జాలీ పక్క నుంచి నడిచాను. నా వీపు మీద గోళ్ళు దిగుతాయేమో అన్నంత భయం. కళ్ళ చివర్లోంచి చూశాను. పెద్దమ్మ రెక్క ఎత్తి, ముక్కుతో ఈక ఒకటి దువ్వుకుంటోంది. నేనక్కడ లేనట్టే. వెనక్కి వచ్చేసరికి ఆంటీ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. "బట్టలు కావు," అంది. తర్వాత లేచి నిలబడి, "నా వెనక నడువు. ఎడం చెయ్యి ఊగుతోందా?" అని అడిగింది.

కుడి చెయ్యి ఊగుతోంది. ఎడం చెయ్యి ఒంటికి ఆనుకుని అలాగే ఉంది, అరువు తెచ్చుకున్న చెయ్యిలాగ. ఎడమ పాదం నేలని ఒక్క రవ్వ రాస్తోంది. ఇన్నాళ్ళూ వారం వారం చూస్తూ నేను గమనించలేదు. ఇంకో నాలుగడుగులు ఆవిడ వెనకే వేశాను. "ఊగడం లేదు కదూ," అంది ఆవిడే. వార్డులో అలా నడిచే ముసలివాళ్ళని చేయి పట్టుకుని నడిపించిన మనిషి ఆవిడ. దానికి పేరేమిటో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆవిడ నాకు చెప్పనూ లేదు.

"జీపీ డాక్టర్‌కి చూపెట్టుకోరాదు ఆంటీ. ఒక్కసారి పోయి వస్తే ఏమైతది?" అన్నాను.

"ఏమైతదంటే, వాళ్ళు రోగానికి పేరు పెడతారు. పేరు పెట్టాక ఇన్సూరెన్స్ వాళ్ళు నన్ను ఆ షెడ్డులోకి పోనీయరు. ఇదేమో ఇంకెవరి చేతికీ రాదు. అప్పుడు దీన్ని ఎక్కడికో పంపించేస్తారు. ఆయన చేతిలో పెరిగింది ఇది. నేను బతికుండగా పంపను," అంది.

"మరి అది మీ మీద పడితే?"

"పడదు. నడక సరిచేసుకుంటా. ఎంతమందికి నేర్పలేదు నేను!"

అది ఉత్త మాట కాదని మర్నాడే తెలిసింది. నేను పొద్దున్నే వెళ్ళేసరికి గిఫ్ట్ షాపులో బొమ్మ గుడ్లగూబల మధ్య ఆంటీ నడుస్తోంది. "మడమ, వేళ్ళు. చెయ్యి. మడమ, వేళ్ళు. చెయ్యి." వార్డులో రోగులకి చెప్పిన గొంతుతోనే తనకి తాను చెప్పుకుంటోంది. ఎడం చేతిని పని గట్టుకుని ఊపుతోంది. గోడకున్న పెద్ద అద్దంలో తన నడక చూసుకుంటూ, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ నడుస్తోంది. మనుషులు గుర్తుపట్టకూడదని కాదు ఈ తిప్పలు. గద్ద గుర్తుపట్టకూడదని. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇద్దరం గొంతులు చించుకుని పోట్లాడుకున్నాం. "మీరు డాక్టర్ దగ్గరికి పోకుంటే వచ్చే వారం సంది నేను రాను," అన్నాను. "రాకపో. నువ్వు పుట్టకముందు కూడా ఇవి తిన్నాయి," అంది. ఆ మరుసటి వారం నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేనని ఆవిడకి తెలుసు.

ఆ ఉదయం ఫ్రెట్ ఎంత దట్టంగా ఉందంటే పచ్చిక మీద కట్టెలు కూడా కనబడలేదు. ఎక్కడో ఒక గజ్జె, ఎక్కడో ఒక రెక్క విదిలింపు. నేను వంటగదిలో బకెట్ సర్దుతున్నాను. బయట మంచులోంచి ఆంటీ గొంతు వినబడింది. "మడమ, వేళ్ళు. చెయ్యి." చాలా నెమ్మదిగా, దూరమవుతూ. గిఫ్ట్ షాపు అటువైపు లేదే అనుకున్నాను. ఆ మాట మనసులో పూర్తయ్యేలోపు షెడ్డు గడియ చప్పుడు వినిపించింది. తర్వాత ఏ శబ్దమూ లేదు. వరసలో ఉన్న పక్షుల గజ్జెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

నేను తోలు గ్లవ్ తొడుక్కుని, చేతికందిన కుందేలు ముక్క పట్టుకుని పరిగెత్తాను. షెడ్డు తలుపు తెరిచే ఉంది. ఆంటీ మోకాళ్ళ మీద ఉంది. పెద్దమ్మ ఆవిడ ఎడమ చేతిని రెండు పంజాలతో పట్టుకుని, రెక్కలు రెండూ ఆవిడ మీద గొడుగులా కప్పి ఉంది. వేటపక్షి తను పట్టినదాన్ని ఇంకెవరూ చూడకుండా అలాగే కప్పుకుంటుంది. రెక్కల కింద ఆంటీ మొహం నాకు కనబడలేదు. గొంతు మాత్రం వినబడింది, వార్డులో గొంతు. "అరవబాకు. లాగబాకు. మాంసం చూపించు, పక్కగా." చూపించాను. అది నన్ను చూసింది, మాంసాన్ని చూసింది, ఎంతో సేపు ఆలోచించింది. ఒక్కొక్క గోరే వదిలింది. నా గ్లవ్ మీదకి ఎక్కినప్పుడు దాని బరువుకి నా భుజం కిందకి లాగింది. ఆరోజే మొదటిసారి అది నా చేతికి రావడం.

ఆసుపత్రిలో కుట్లు వేసిన డాక్టరమ్మ ఆంటీని లేచి నడవమంది, నడక చూసి వెంటనే ఇంకో డాక్టర్‌ని పిలిచింది. ఆపైన పరీక్షలు, పేరు. పార్కిన్సన్స్. గద్ద ముందే కనిపెట్టిందని నేనంటే ఆ డాక్టర్ మర్యాదగా నవ్వి, యాదృచ్ఛికం అయి ఉంటుందన్నాడు. ఆయన చెప్పిందే నిజం కావచ్చు. నాకిప్పటికీ తెలియదు. బస్సులో తిరిగి వస్తూ ఆంటీ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "దానిమీద కోపం లేదా ఆంటీ?" అంటే, "నడక బాగా కుదిరిందనుకున్నానే," అంది. ఓడిపోయిన పిల్ల గొంతు అది.

షెడ్డు బాధ్యత నాకొచ్చింది. పెద్దమ్మని ఎక్కడికీ పంపకుండా ఉండాలంటే రోజూ ఒకే చేతికి రావాలి, అందుకని ఆఫీసు ఉద్యోగం మానేశాను. మా నాన్న చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆంటీకి జబ్బు త్వరగానే ముదిరింది. తెలుగు కుటుంబాలు వంతులేసుకుని సాంబారు డబ్బాలు తెచ్చేవి. వచ్చినవాళ్ళు ఆవిడతో గట్టిగా, నెమ్మదిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. చెయ్యి వణికితే గోడ మీద క్యాలెండర్ వైపు చూసేవాళ్ళు. వాళ్ళని అనడమెందుకు, నేనూ అంతే. చెంచా గిన్నెకి కొట్టుకుంటుంటే నా ఫోన్ చూసుకునేదాన్ని. మంచితనంతోనే చేశామదంతా.

చివరిసారి ఆవిడ సెంటర్‌కి వచ్చింది చక్రాల కుర్చీలో. డేగల్ని పేరుపేరునా పలకరించింది. తర్వాత "అటు తీసుకెళ్ళు," అని షెడ్డు వైపు గడ్డం ఎత్తింది. నేను వద్దన్నాను, చలన్నాను, టీ అన్నాను. వినే మనిషా? తీసుకెళ్ళాను. జాలీకి అవతల పెద్దమ్మ ఈకలు లేచాయి. ఒళ్ళు అదుముకుంది. కన్నార్పకుండా ఆవిడనే చూడసాగింది. దాని ఆకలి నా దాకా తగిలింది. కుర్చీ వెనక్కి తిప్పబోయాను. ఆంటీ వణికే చేత్తో చక్రం పట్టుకుంది.

"ఉండనీయవే. నాకు జబ్బు చేశాక నన్ను చూసి మొహం తిప్పుకోనిది ఇదొక్కటే," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. కుర్చీ బ్రేకు వేసి, వచ్చి ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను. గడ్డం వణుకుతోంది. పెదవి చివర తడి ఉంది. ఎడం చెయ్యి ఒళ్ళో తనంతట తను ఏదో లెక్కపెట్టుకుంటోంది. అన్నీ చూశాను. నా వెనక జాలీలోంచి పెద్దమ్మ కూడా చూస్తూనే ఉంది. ఆంటీ నా మొహంలోకి చాలాసేపు చూసి, "ఆఁ. అట్టా," అంది. ఆ ఏడాది ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. చలికాలం అయిపోకముందే పోయింది.

పెద్దమ్మ ఇంకా ఉంది. నెలల తరబడి ఎవరినీ పట్టించుకోదు. ఎప్పుడో ఒకసారి, చేతికర్ర లేని, కుంటని మనిషెవరో పిల్లలతో నవ్వుకుంటూ జాలీ ముందు నుంచి నడుస్తుంటే దాని మెడ ఈకలు లేస్తాయి. అప్పుడు నేనేం చేయాలి? డాక్టర్ యాదృచ్ఛికం అన్నాడు. వచ్చినవాళ్ళు సరదాకి వచ్చారు. వాళ్ళ ఆదివారాన్ని పాడుచేసే హక్కు నాకుందో లేదో నాకు తెలియదు. మొన్నొక ఆవిడ, మాంచెస్టర్ నుంచి వచ్చిన తెలుగావిడే, నాకంటే కాస్త పెద్దది, అలాగే నడుచుకుంటూ వెళ్ళింది. పెద్దమ్మ తల ఆవిడతో పాటే తిరిగింది. నేను గ్లవ్ తీసేసి ఆవిడ వెనకే వెళ్ళాను. "అక్కా, ఒక్క మాట. ఏమనుకోకండి, ఈమధ్య మీరు డాక్టర్ దగ్గరికి పోయిన్రా?" అని అడిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. పిల్లల్ని ముందుకి పంపి, "ఎందుకండీ అలా అడుగుతున్నారు?" అంది. నాకు నేల చూడాలనిపించింది, పోతున్న పిల్లల్ని చూడాలనిపించింది. చూడలేదు. ఆవిడ కళ్ళలోకే చూస్తూ, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.